గ్రాన్యాకి కొట్టిన కొబ్బరికాయ

ఉద్యోగం పోవడం ఆ ఏడు ఐర్లండులో ఎవరికీ వింత కాదు. కార్క్ నగరం పక్కన బాలింకాలిగ్ దగ్గర మందుల ఫ్యాక్టరీ మూతపడి తిరుమలేష్ ఇంట్లో కూర్చున్నాడు. భార్య ఊర్మిళకి ములింగార్ ఆసుపత్రిలో నర్సు పని దొరికితే, మూటాముల్లే సర్దుకుని ఇద్దరూ అక్కడికి మారారు. కొత్త ఊళ్ళో తెలుగువాళ్ళు "మీవారేం చేస్తారు?" అని అడిగితే ఊర్మిళ నోటికి నిజం రాలేదు. "కార్క్‌లో ఇంజినీరండీ. సెలవు దొరికినప్పుడు వస్తుంటారు" అంది. ఆ మాట ఇంటికొచ్చి చెబితే తిరుమలేష్ నవ్వి ఊరుకున్నాడు. ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదంటారు గానీ, నవ్వి ఊరుకునే వాడితోనే అసలు చిక్కు.

గోడలు చూస్తూ కూర్చోలేక అతను స్టేషను పక్కనున్న ఇంజిను షెడ్డులో చేరాడు. అక్కడ గ్రాన్యా ఉంది. ఒకప్పుడు ఎక్స్‌ప్రెస్ బండ్లు లాగిన ఆకుపచ్చ ఆవిరి ఇంజిను. ఆ దేశంలో దాని బొమ్మ లేని టీ కప్పులు తక్కువ. దానిమీద ప్రేమున్నవాళ్ళు కొందరు చేరి బాగుచేసుకుని, అప్పుడప్పుడు మామూలు రైళ్ళు తిరిగే పట్టాల మీదే నడుపుతుంటారు. జీతం ఉండదు. బూడిద ఎత్తాలి, ఇత్తడి తోమాలి, బొగ్గు వెయ్యాలి. ఫ్యాక్టరీలో బాయిలర్లతో బతికినవాడు కదా, తిరుమలేష్‌కి అక్కడ ప్రాణం లేచొచ్చింది. అతని గోళ్ళలో మసి చూస్తే ఊర్మిళకి మాత్రం ఒళ్ళు మండేది.

దసరా వారంలో తెలుగువాళ్ళంతా గ్రాన్యా బండిలో డబ్లిన్ దాకా వెళ్దామనుకున్నారు. మొగుడు షెడ్డులోనే ఉంటాడన్న ధీమాతో ఊర్మిళ పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. తీరా చూస్తే, బొగ్గు వేసే మనిషికి జ్వరం. ఇంజిను మెట్టు మీద, కళ్ళు తప్ప అంతా మసిగా, తిరుమలేషే నిలబడి ఉన్నాడు. ఆమె చటుక్కున గుంపు వెనక్కి జరిగింది.

ఊర్మిళ ఆసుపత్రిలోని తెలుగు డాక్టరు గారి తల్లి చాముండేశ్వరి గారు సంచిలోంచి కొబ్బరికాయ తీసింది. "దసరా పూట ఇంత పెద్ద బండికి కాయ కొట్టకుండా ఎక్కుతామా?"

ఐరిష్ డ్రైవరు టోపీ తీసి అలాగే కానివ్వమన్నట్టు "గ్రాండ్, గ్రాండ్" అన్నాడు. ఆవిడ గ్రాన్యాకి బొట్టు పెట్టి, ప్లాట్‌ఫారం అంచున కాయ కొట్టి, డ్రైవరుకో ముక్క ఇచ్చింది. అతను బిస్కెట్టు తీసుకున్నట్టు రెండు వేళ్ళతో తీసుకున్నాడు. తర్వాతి ముక్క తిరుమలేష్‌కి ఇచ్చింది. అతను కుడిచేతి కింద ఎడంచెయ్యి పెట్టి అందుకుని కళ్ళకద్దుకున్నాడు. చిన్నప్పట్నించీ చేతికి అలవాటైన పని, ఆలోచించేలోపే జరిగిపోయింది.

ఆవిడ అతని మొహంలోకి చూసింది. "ఏ ఊరు బాబూ మీది?"

అందరూ ఇటు తిరిగారు. ఊర్మిళ ఒక్కతే రైలు కిటికీ వైపు తిరిగి జడ సవరించుకుంది. "మావారండీ" అంటే సరిపోయేది. తిరుమలేష్ ఆమె వీపు చూశాడు.

"మారిషస్, మేడమ్" అన్నాడు ఇంగ్లిషులో.

"చూశారా, అంత దూరంలో పుట్టి కూడా మన ఆచారం మర్చిపోలేదు. ఏ తల్లి కన్న బిడ్డో" అని ఆవిడ మురిసిపోయి, ఇంకో ముక్క అతని చేతిలో పెట్టింది. "ఫర్ యువర్ వైఫ్."

డబ్లిన్ దాకా ఊర్మిళ తలెత్తలేదు. ఎవరైనా "ఆ మారిషస్ అబ్బాయి" అన్నప్పుడల్లా ఆమెకి తల కొట్టేసినట్టయింది. పొద్దున సిగ్గుపడింది అతన్ని చూసి. ఇప్పుడు పడుతున్న సిగ్గు అది కాదు. తన వంతు పులిహోర పక్కావిడకిచ్చేసింది.

సాయంత్రం తిరుమలేష్ స్నానం చేసొచ్చి, చేతిరుమాలు విప్పి కొబ్బరిముక్క బల్ల మీద పెట్టాడు. మొహంలో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది ఆమెకి.

"ఎవరో పెద్దావిడ, మా ఆవిడకిమ్మన్నారు" అన్నాడు.

ఊర్మిళ కుడిచేతి కింద ఎడంచెయ్యి పెట్టి చాపింది. "ఇంకేమన్నారండీ?"

"బండి దిగేటప్పుడు మళ్ళీ వచ్చారు. మీ ఆవిడెక్కడుంటుందని అడిగారు."

"మీరేం చెప్పారు?"

"దూరంగా ఉంటుందన్నాను. సెలవు దొరికినప్పుడు వస్తుంటుందని చెప్పాను."

ఊర్మిళ చాపిన చేతులు వెనక్కి తీసుకుంది.