ఆశాజ్యోతి పెరట్లో ఎర్రగుడ్డలు

నిరుపమకు ఏప్రిల్ నెలంటే ఒళ్ళుమంట. ఉగాది పచ్చడి తిన్న నోటితోనే, రుతువులు తలకిందులుగా వచ్చే ఈ దేశంలో చలికాలం ఏర్పాట్లు మొదలుపెట్టాలి. పక్కింటి ప్లమ్ చెట్టు రాల్చే ఆకులేవో ఒక్కరోజున రాల్చేసి ఊరుకోదు, రోజుకిన్ని చొప్పున నెల పొడుగునా ఆమె లాన్ మీద రాలుస్తుంది. జామకాయల్లాంటి ఫిజోవాలు మరీ సిగ్గులేనివి. ఏరి బుట్ట నింపి లోపలికి వెళ్ళి వచ్చేసరికి మళ్ళీ కింద పడి ఉంటాయి. చెట్లకు కూడా ఒక పద్ధతి ఉండాలని నిరుపమ అభిప్రాయం. చెట్లకే ఉండాలన్న మనిషి మనుషుల్ని వదిలిపెడుతుందా?

మౌంట్ రాస్కిల్‌లో ఆమె పెరడు చూసినవాళ్ళు ముందు చెప్పులు విప్పాలేమోనని తటపటాయిస్తారు. మార్చి దాటకుండానే టమాటా మొక్కలు పచ్చికాయలతో సహా పీకించేస్తుంది. కర్రలు సబ్బునీళ్ళతో కడిగి, తుడిచి, పొడుగు ప్రకారం షెడ్డులో నిలబెడుతుంది. ఖాళీ కుండీలు బోర్లించి వరుసగా పేర్చేస్తుంది. చిక్కుడు పాదు ఇంకా పూత మీద ఉండగానే మొదలంటా తీసేస్తుంది, ఎందుకంటే కింది ఆకులు పండటం మొదలైతే చూడలేదు. కాయ కూడా లేతగా ఉన్నప్పుడే కొయ్యాలి. గింజ పట్టిన కాయ తన వంటింటి గడప తొక్కలేదని గొప్పగా చెప్పుకుంటుంది.

ఆ చిక్కుడు పాదే ఆమె పరువు. ఇక్కడి ఇండియన్ షాపుల్లో దొరికే ఫ్రోజెన్ చిక్కుడు కాదు. అసలైన కనుపు చిక్కుడు, అంచుకు ఊదారంగు చార ఉన్నది. జనవరి నుంచి మార్చి దాకా తెలుగువాళ్ళు తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ ఎక్కడ పెట్టుకున్నా నిరుపమ చిక్కుడుకాయ కూర గిన్నే ముందు ఖాళీ అవుతుంది. విత్తనాలు ఇండియా నుంచి తెచ్చుకునే వీలు లేదు. ఒకసారి వాళ్ళమ్మ చీర కొంగున ముడేసి తెచ్చిన గింజల్ని ఎయిర్‌పోర్టులో విప్పించి మరీ పారేయించారు. అందుకని ప్రతి అక్టోబర్‌లోనూ శాండ్రింగమ్‌లో ఉండే తారాబాయి ఆంటీ ఒక గుప్పెడు గింజలు కాగితంలో చుట్టి ఇస్తుంది. ఆ గుప్పెడు లేకపోతే నిరుపమ పందిరి లేదు. పందిరి లేకపోతే ఈ ఊళ్ళో నిరుపమ కూడా అందరిలాంటిదే. అందరిలాంటిది కావడం కన్నా ఘోరం ఆమెకు ఇంకొకటి లేదు.

ఇక అందరికన్నా అధ్వాన్నం ఎవరంటే, వెనక కంచె అవతల అద్దెకుండే తోడికోడలు ఆశాజ్యోతి.

మరిది శ్రీపతి ఆ పిల్లను ఏం చూసి చేసుకున్నాడో నిరుపమకు ఇప్పటికీ అంతుపట్టదు. ముసలివాళ్ళ రెస్ట్‌హోమ్‌లో డ్యూటీ చేసి వస్తుంది, మిట్టమధ్యాహ్నం నిద్రపోతుంది, సింకులో గిన్నెలు సాయంత్రం దాకా నానుతుంటాయి. పెరడైతే చెప్పనే అక్కర్లేదు. గోంగూర మనిషెత్తు పెరిగి, ఆకు రాలి, కాయలు పగిలి కట్టెల్లా నిలబడి ఉంది. ఇక్కడ ఎండ వచ్చేది ఉత్తరం వైపు నుంచే. ఆ ఎండ పడే షెడ్డు గోడంతా చిక్కుడు తీగ ఎక్కి, ఎక్కినచోటే ఎండిపోయి, గాలి వేస్తే కాయలు గలగలమంటున్నాయి. నాలుగు కాయలు కోసుకుని వండుకునే ఓపిక కూడా లేదు మహాతల్లికి అనుకునేది నిరుపమ, కంచె మీదుగా చూసినప్పుడల్లా. చూడకుండా ఉండొచ్చుగదా అంటే, చూడకపోతే ఆమెకు పొద్దు గడవదు.

వచ్చే మంగళవారం ఆశ వాళ్ళ ఇంటికి అద్దె ఏజెంటు ఇన్‌స్పెక్షన్‌కు వస్తాడు. ఆ ఇల్లు వాళ్ళకు మాట్లాడి ఇప్పించింది నిరుపమే. పెరడు ఆ స్థితిలో పెట్టుకుని ఆ మొగుడూ పెళ్ళాలు శనివారం పొద్దున్నే రోటరువా వెళ్ళారు, వేడినీళ్ళ గుంటల్లో మునగడానికి.

"చూశారా? మంగళవారం ఏజెంటు ఫొటోలు తీసుకుని వెళ్తే మాట పడేది నేను," అంది నిరుపమ భర్త రవిచంద్రతో. "ఆ మల్చర్ తీసుకుని రండి."

"వాళ్ళని ఓసారి అడుగుదామా? ఫోన్ చేస్తే సరిపోతుందిగా," అన్నాడు రవిచంద్ర.

"పాచి పని చేయడానికి పర్మిషన్ కూడానా?"

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెద్దకోడలు చిన్నకోడలి ఇంట్లోకి అడిగి వెళ్ళదు. వంటింట్లో డబ్బాలు సర్దినా, బీరువా తెరిచి చీరలు మడతపెట్టినా చిన్నకోడలు నవ్వి ఊరుకోవాలి. నిరుపమ అత్తగారు తన తోడికోడలి దగ్గర అలాగే చేసింది, ఆవిడ పోయాక ఆ హోదా నిరుపమకు వచ్చింది. ఇండియా నుంచి వస్తూ నిరుపమ చాలా వదిలేసింది గానీ, దాన్ని మాత్రం జాగ్రత్తగా ప్యాక్ చేసుకుని తెచ్చుకుంది. ఆశాజ్యోతి ఎప్పుడూ పల్లెత్తి ఒక్క మాట అనలేదు. అనకపోవడం కూడా బద్ధకమేనని నిరుపమ లెక్క.

కంచెలో చిన్న గేటు తీసుకుని వెళ్ళి పని మొదలుపెట్టింది. గోంగూర కట్టెలు వంచి విరిచి పడేసింది. చిక్కుడు తీగ దగ్గరకు వచ్చేసరికి ఆగింది. అక్కడక్కడా లావుపాటి కాయల గుత్తులకు ఎర్రగుడ్డ పేలికలు కట్టి ఉన్నాయి, పాత లంగా చింపినట్టున్నాయి.

"ఇది చూడండి," అంది భర్తను పిలిచి. "దిష్టి తగలకుండా గుడ్డలు కట్టింది. ఈ చెత్తకు దిష్టి ఒకటి."

రవిచంద్ర ఒక కాయ చిదిమి చూశాడు. లోపల గింజలు నల్లగా, నున్నగా ఉన్నాయి. "నిరూ, గింజలు బాగున్నాయే. పక్కన పెట్టనా?"

"ఆ పిల్ల పెంచిన తీగ గింజలు మనకెందుకండీ? తారాబాయి ఆంటీ ఇస్తారుగా మంచివి. వెయ్యండి అందులో."

రవిచంద్ర వేశాడు. పెళ్ళయిన కొత్తలో రెండుసార్లు ఎదురు చెప్పి చూసిన అనుభవం ఉన్నవాడు. మల్చర్ తీగను పరపరా నమిలి, కాయల్ని టపటపా పగలగొట్టి, పొట్టు పొట్టుగా కక్కింది. ఆ చప్పుడు వింటుంటే నిరుపమకు ప్రాణం లేచివచ్చినట్టయింది. మధ్యాహ్నానికి షెడ్డు గోడ నున్నగా తేలింది. పొట్టునంతా బస్తాలకెత్తి తన పెరట్లోకే తెచ్చుకుంది. చలికాలానికి మళ్ళ మీద ఎలాగూ కప్పాలిగా, పీ స్ట్రా అనే బఠాణీ గడ్డి కొనే పని తప్పింది. మళ్ళన్నిటి మీదా రేక్‌తో సమంగా పరిచి, అంచులు సరిచేసి, ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది. ఆశాజ్యోతి నుంచి జవాబు రాలేదు. వేడినీళ్ళలో ఉండి ఉంటుందని నవ్వుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఒక సంచీ నిండా ఫిజోవాలు పోసుకుని తారాబాయి ఆంటీ ఇంటికి వెళ్ళింది. వెళ్ళింది పళ్ళివ్వడానికి కాదు, చెప్పుకోవడానికి. సోఫాలో కూర్చుని, కాఫీ తాగుతూ, ఆశ పెరడు ఎలా ఉండేదో ముక్కు చిట్లించి వర్ణించి, తను దాన్ని ఎలా బాగుచేసిందో ఫొటోలతో సహా చూపించింది.

తారాబాయి కళ్ళజోడు సర్దుకుని ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"షెడ్డు మీద చిక్కుడు తీగ ఉండాలే?" అంది.

"అదే ఆంటీ నేను ముందు పీకింది. ఎండి గలగలమంటోంది. పైగా దిష్టికి ఎర్రగుడ్డలు కూడా కట్టింది."

"దిష్టికి కాదమ్మా. విత్తనానికి వదిలిన కాయలకి గుడ్డ కట్టుకోమని నేనే చెప్పాను, శ్రీపతి మర్చిపోయి కొయ్యకుండా. మా ఊళ్ళో అలాగే కడతాం." ఫోన్ తిరిగి నిరుపమ చేతిలో పెట్టింది. "నువ్వు ఏటా నాటే గింజలు అవే."

"నేను నాటేవి మీరిచ్చినవి ఆంటీ."

"నా యూనిట్‌కి పెరడు ఎక్కడుందే? బాల్కనీలో తులసి తప్ప ఏముంది? ఆశ తెచ్చి ఇస్తుంది, నేను మీ అందరికీ పంచుతాను. నీ పొట్లం మాత్రం ప్రతిసారీ విడిగా తనే కట్టి తెస్తుంది, ఉన్నవాటిలో లావుపాటి గింజలు ఏరి. 'నీ పేరు చెప్పే ఇవ్వొచ్చు కదే' అని ఆశతో అంటే, 'నేనిచ్చానంటే అక్క నాటదు ఆంటీ, మీరిచ్చారని చెప్పండి' అంది."

నిరుపమ కాఫీ కప్పు కింద పెట్టింది. కప్పులో ఇంకా సగం ఉంది.

"పోనీ మీ దగ్గర పోయినేటివి ఏమైనా మిగిలాయా?"

"ఒక్కటి లేదు. రిమ్యుయెరాలో ఎవరో కొత్తగా వచ్చారంటే ఉన్నవన్నీ ఇచ్చేశాను. ఆశ తీగ ఉందిగా అని ధైర్యం." తారాబాయి సంచీలోంచి ఒక ఫిజోవా తీసి వాసన చూసింది. "నువ్వు చాలా శుభ్రమైన పిల్లవమ్మా," అంది. అందులో మెచ్చుకోలు ఏమీ లేదని నిరుపమకు మొదటిసారి అర్థమైంది.

కారు ఎలా నడుపుకుని వచ్చిందో ఆమెకే తెలియదు. దారంతా ఆశ మీదే కోపం. ముందే చెప్పి ఏడవొచ్చు కదా. ఇంత గుట్టు దేనికి? ఎవరు అడిగారు లావు గింజలు ఏరమని? ఇంటి మలుపు తిరిగేసరికి ఆ కోపానికి పట్టుకోవడానికి ఏమీ దొరక్క జారిపోయింది. తను నాటదు. ఆ పిల్ల అన్నది నిజం. ఆశ పేరు చెబితే ఆ గింజల్ని పిచికలకు వేసి ఉండేది.

పట్టుచీర కూడా మార్చుకోలేదు. మడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నిన్న అంత ముచ్చటగా పరిచిన పొట్టును చేతులతో చెరగడం మొదలుపెట్టింది. చిక్కుడు గింజలు మల్చర్ పళ్ళ కింద పడి తెల్లగా పప్పులా పగిలి ఉన్నాయి. ఎర్రగుడ్డ పేలికలు కనపడినచోట మాత్రం ఆగి, చుట్టూ వేళ్ళతో కెలికి, మన్నంతా జల్లించేది. ఒక మడి అయ్యాక ఇంకొక మడి. సమంగా సర్దిన అంచులన్నీ చెదిరిపోయి పెరడంతా కోళ్ళు కెలికినట్టయింది. రవిచంద్ర తలుపు దాకా వచ్చి, చూసి, తనూ వచ్చి పక్క మడి దగ్గర కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా కంచె అవతల కారు ఆగిన చప్పుడైంది. తర్వాత షెడ్డు వైపు అడుగులు. అవి షెడ్డు దగ్గరే ఆగిపోయాయి. నిరుపమ తల దించుకునే పొట్టు చెరుగుతోంది.

గేటు తెరుచుకుని ఆశాజ్యోతి వచ్చింది. జుట్టు ఇంకా తడిగా ఉంది. చెదిరిన మళ్ళను, మట్టి అంటిన పట్టుచీరను, ఎర్రపేలికలను చూసింది. అడగాల్సినదేమీ లేకుండా అంతా అర్థమైంది.

"తారాబాయి ఆంటీ చెప్పారా?"

నిరుపమ తలూపింది. "ఏజెంటు వస్తాడని..." అని మొదలుపెట్టి, ఆ మాట తన చెవులకే బాగోక ఆపేసింది.

"ఏజెంటుకి ముందే మెయిల్ పెట్టానక్కా. విత్తనాలయ్యాక తీసేస్తామంటే సరేనన్నాడు." ఆశ కూడా మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏమైనా దొరికాయా?"

నిరుపమ గుప్పిట విప్పింది. మట్టితో కలిసి కొన్ని గింజలున్నాయి. ఆశ ఒక్కొక్కటీ వేళ్ళతో తిప్పి చూసి, పైతోలు చిట్లినవి పక్కకు తీసేసింది. మంచివి అరచేతిలో మిగిలినవి చూస్తే ఒక పందిరికే చాలీచాలకుండా ఉన్నాయి. ఊళ్ళో ఈసారి ఇంకెవరికీ పంచడానికి గింజల్లేవు. ఆశ వాటిని ఊది చున్నీ కొంగున ముడేసుకుంది.

"ఇవి మీ పందిరికే ఎక్కించాలక్కా. మా గోడకన్నా మీ పందిరికే ఎండ ఎక్కువ పడుతుంది. అక్టోబర్‌లో తారాబాయి ఆంటీ చేత పంపించనా, నా చేత్తో ఇస్తే తీసుకుంటారా?"

ఎత్తిపొడుపా అని నిరుపమ ఆ పిల్ల మొహంలోకి వెతికింది. కాదు, నిజంగానే అడుగుతోంది. ఎత్తిపొడుపే అయితే ఎంత బాగుండేది. దానికి తన దగ్గర బోలెడు జవాబులున్నాయి.

"నువ్వే ఇయ్యి," అంది.

"అయితే ఒక్క మాట. కాయలు దిగాక నేనొచ్చి గుడ్డలు కడతాను. కట్టినవాటిని మీరు ముట్టుకోకూడదు. ఆకులు పండినా, తీగ ఎండినా, చూడ్డానికి అసహ్యంగా ఉన్నా సరే. సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి మధ్యమధ్యలో వస్తుంటాను." లేచి నిలబడి మోకాళ్ళు దులుపుకుంది. "అడక్కుండానే వస్తానక్కా."

రవిచంద్ర ఇద్దరివైపూ చూసి, గబుక్కున తల దించుకుని పొట్టు చెరగడంలో పడ్డాడు.

నిరుపమ చేతులకంటిన మట్టిని పట్టుచీరకే తుడుచుకుంది. "సరే," అంది.