తారు మీద స్నానపు నీళ్ళు

తార్నాకలోని ఆ వీధిలో ప్రతి ఉదయమూ శుచిత్వం పేరిట ఒక అపచారం జరిగేది. తెల్లవారగానే గడపలు కడిగి, ఆ నీటిని వీధిలోకి తోసేవారు. స్నానపు నీరు, బియ్యం కడిగిన నీరు, గిన్నెల జిడ్డు అన్నీ ప్రహరీ తూముల గుండా తారురోడ్డు మీదికే చేరేవి. మూడు వానకాలాలు దాటకముందే ఆ రోడ్డు కంకర తేలి గుంటలు పడింది. గుంటల్లోని నల్లని నురుగు పురుగులకు పుట్టినిల్లయింది. లోపల అగరువత్తుల పరిమళం, వాకిట ముక్కు మూసుకోవలసిన కంపు! అయినా పాఠకులారా, ఆ మురికి తమదని ఒక్కరూ ఒప్పుకోలేదు. అది మునిసిపాలిటీ వారి మురికి అట!

విశ్వవిద్యాలయ కార్యాలయంలో గుమాస్తా అయిన సుందరరావు కాపురం ఆ వీధిలోనే. బందరు వైపు నుండి వచ్చిన క్రైస్తవ కుటుంబం. భార్య ప్రమీల నల్లకుంట బడిలో తాత్కాలిక ఉపాధ్యాయిని. శ్రావణంలో సొంత గుమ్మం ముందరి గుంటలోనే జారి ఆమె మడమ విరిగింది. కట్టు విప్పారు గాని, ఆమె ఇంకా ఎక్కువ దూరం నడవలేదు. సోమవారం బడిలో చేరకపోతే ఆ ఉద్యోగం మరొకరిది. రిక్షా సత్తయ్యేమో మలుపు దాటి రానన్నాడు.

"గా గుంటలల్లకు నేన్ రాను సారూ. ఇరుసు ఇరిగితే మాలిక్ నా నడుం ఇరగ్గొడ్తడు!"

శనివారం ఉదయం తారు డ్రమ్ముల లారీ మలుపులో ఆగగానే వీధివారంతా మునిసిపాలిటీ ఇంజనీరు వెంకటనర్సయ్యను చుట్టుముట్టారు.

"ఇయ్యాల మీ వీధికి కాదండీ, యూనివర్సిటీ పక్క రోడ్డుకు" అన్నాడాయన.

సుందరరావు మండిపడ్డాడు. "నేను రోజూ ఆఫీసుకు నడిచే దారేనండీ అది! నున్నగా ఉంది. రోగిని వదిలేసి ఆరోగ్యవంతుడికి మందు పోస్తారా?"

"దానికి సన్న పర్రెలు పట్టినయ్. ఇప్పుడు మూస్తే నిలుస్తది, ఇడిచిపెడితే మీ వీధి లెక్కనే అయితది. మాకిచ్చిన తారు గింతే. మీ గుంటలల్ల పోస్తే దసరా దాకా గూడ ఉండదు. తారుకు నిలువనీళ్ళు విషం."

విశ్రాంత తెలుగు పండితుడు అచ్యుతరామయ్య ఉత్తరీయం సర్దుకున్నాడు. "అన్ని నీళ్ళూ ఒకటేనటయ్యా? మావి మడి కట్టుకొని దేవుడిగది కడిగిన నీళ్ళు. వాటితో రోడ్డు చెడుతుందా?"

"తారుకు మడి తెల్వదు పంతులుగారూ."

"మా నీళ్ళేం జేసినయ్?" అని ఎదురింటి లచ్చమ్మ లేచింది. "గా పక్కింటోళ్ళ సబ్బునీళ్ళు జూడున్రి!"

ప్రతి వేలూ మరొకరి తూమునే చూపింది.

సుందరరావు చేతులు జోడించాడు. "నా భార్య ఉద్యోగం పోతుందండీ. మా గుమ్మం ముందు గుంట ఒక్కటైనా పూడ్పించండి."

వెంకటనర్సయ్య మెత్తబడి వెంట నడిచాడు. వారు గుంట దగ్గరికి చేరేసరికి ప్రహరీలోని రేకు గొట్టం నుండి సబ్బునీరు భళ్ళున వచ్చి సరిగ్గా అందులోనే పడింది.

"ఈ గొట్టం ఎవరిది?"

అది సుందరరావుదే. పెరడు పొడిగా ఉండాలని, రోడ్డు వేసిన ఏడాదే దాన్ని తన చేతులతో అమర్చాడు. ఇంజనీరు వెనుదిరిగాడు, లారీ యూనివర్సిటీ వైపు వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే అతడు గొట్టం పీకి తూము మూశాడు. పెరట్లో గొయ్యి తవ్వి నీటిని అందులోకి మళ్ళించాడు.

అటుగా వెళ్తున్న అచ్యుతరామయ్య గోడ మీదుగా తొంగిచూసి నవ్వాడు. "ఏమోయ్, నీ ఒక్కడి నీళ్ళాగితే వీధి బాగుపడుతుందా?"

"బాగుపడదు మాస్టారూ. మా ఆవిడ కాలు విరగ్గొట్టింది మాత్రం నా నీళ్ళే."

సోమవారం సుందరరావు గుంటలో ఇటుకముక్కలు పరచి, ప్రమీలను భుజం మీద ఆనించుకొని మలుపు వైపు నడిపించాడు. సగం దారిలో అచ్యుతరామయ్య ఇంటి తూము తెరుచుకుంది. జిడ్డునీరు ఆమె పాదాల మీదుగా పారింది. మెతుకులు వేళ్ళకు అంటుకున్నాయి. ప్రమీల చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకొని నిలబడిపోయింది. వాకిట్లో ఉన్న పండితుడు చూపు తిప్పుకున్నాడు.

"ఇటు చూడండి మాస్టారూ" అందామె. "మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు, నిజమే. కాని ఉన్న రోడ్డును పాడుచేయకుండా ఉండడానికి డబ్బెందుకండీ? పదిమంది నడిచే దారిలో మురుగు వదిలేవాళ్ళకు, దారి వేయించమని అడిగే హక్కు లేదు."