పదో వరుసలో పేరు

శుక్రవారం సాయంత్రమైతే చేపల వేపుడు కోసం కెస్లర్ ఫోర్డ్ ఊళ్ళో సగం జనం డెలోరిస్ బారులోనే ఉంటారు. అది తెలిసే మార్లిస్ గెర్కి అట్టకు ఒక కాగితం తగిలించుకుని అక్కడికి వచ్చింది. డెలోరిస్ ఆమెకు స్వయానా మేనత్త. అయినా మార్లిస్ తలుపు తియ్యగానే లోపల మాటలన్నీ ఆగిపోయాయి.

మార్లిస్ లాయరు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి పదవికి నిలబడుతోంది; అక్కడ జడ్జీల్ని కూడా జనం ఓట్లేసే ఎన్నుకుంటారు. ఏప్రిల్ ఎన్నికల్లో పేరు ఉండాలంటే రెండు వేల మంది ఓటర్ల సంతకాలు కావాలి, మంగళవారం అయిదింటికల్లా రాజధానిలో ఇవ్వాలి. ఇంకా ఆరు తక్కువ. రేపు పొద్దున్నుంచి మంచు తుఫాను, రోడ్లు మూసేస్తారు, ఈ రాత్రే రాజధానికి బయల్దేరాలి. మిగిలింది ఈ పూటా, ఈ ఊరూను.

ఈ ఊరికి ఆమె పేరెత్తితేనే ఒళ్ళు మంట. మూడేళ్ళ కిందట ఆమె గెలిచిన కేసుతోనే ఇక్కడి చీజ్ ఫ్యాక్టరీ మూతపడింది. దాని మురుగు నలభై ఇళ్ళ బావుల్లోకి దిగుతోందని ఆమె రుజువు చేసింది. నీళ్ళు బాగుపడ్డాయి, నూట ఇరవై మంది పనులు పోయాయి. మంచినీళ్ళు తాగుతూ తిట్టుకోవడానికి ఎవరికి మాత్రం అడ్డేముంది?

"ఏమ్మా లాయరమ్మా, ఈసారి ఏం మూయించడానికొచ్చావు? బారా, చర్చా?" అన్నాడు వర్జిల్ క్రోనింగ్. ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు చేసినవాడు, ఆమె తండ్రికి ప్రాణస్నేహితుడు.

"సంతకాలు కావాలి బాబాయ్. సంతకం పెడితే ఓటు వెయ్యాలనేం లేదు."

"ఓ, అంతేనా! ఇటివ్వు, ఇటివ్వు."

అట్ట బల్ల నుంచి బల్లకు తిరిగింది. మార్లిస్ మూలన నిలబడి చూస్తూనే ఉంది. "నా కళ్ళ ముందే పెట్టారు, వీళ్ళంతా ఈ రాష్ట్రం ఓటర్లే" అని కాగితం అడుగున తను సంతకం చెయ్యాలి, అది రూలు. ఒక్కొక్కరూ కిసుక్కున నవ్వి రాస్తున్నారు. చివరికి కౌంటరు వెనకున్న అత్త కూడా రాసింది. ఆమె మాత్రం నవ్వలేదు.

పది వరుసలూ నిండి వచ్చాయి. మార్లిస్ గుండె ఎగిరి గంతేసింది. తీరా ఒక్కొక్క పేరూ చదివి అట్ట దించింది.

"నిండిందిగా! కింద నీ సంతకం గిలికి బయల్దేరు తల్లీ," అన్నాడు వర్జిల్. వెనక ఎవడో ఫోను పైకెత్తి ఫోటో తియ్యడానికి సిద్ధంగా ఉన్నాడు.

అన్నీ పోయినవాళ్ళ పేర్లే. ఆమె సంతకం చేస్తే రేపే పేపరుకెక్కిస్తారు. పదవి సంగతి దేవుడెరుగు, లాయరు పని కూడా ఊడుతుంది. కానీ ఒక్కటి మర్చిపోయారు. ఆమె తండ్రి హార్లన్ ఈ ఊరి శ్మశానానికి కాపరిగా చేసినవాడు. వేసవి సెలవులన్నీ ఆమె ఆ సమాధుల మధ్య గడ్డి కోస్తూ పెరిగింది.

మార్లిస్ పెన్ను తీసింది.

"ఆర్విల్ యాంట్. తూర్పు గేటు పక్కన, రెండో రాయి." ఒక గీత. "ఎల్డా ప్రూస్. క్రిస్మస్ ముందు రోజు పోయింది, నేల గడ్డకట్టి తవ్వడానికి రెండు రోజులు పట్టింది." ఇంకో గీత. "క్లెమ్ క్రోనింగ్. బాబాయ్, సొంత అన్న పేరు రాశావా?"

వర్జిల్ తల దించుకున్నాడు. ఆమె ఆపలేదు. తొమ్మిది పేర్లు కొట్టేసింది.

పదో పేరు దగ్గర చెయ్యి ఆగింది. హార్లన్ గెర్కి.

"ఇదెవరు రాశారు?" తలెత్తి చూసింది.

"నేనే," అంది డెలోరిస్. "ఎగతాళికి కాదే. ఈ ఊళ్ళో నీకు మనసారా సంతకం పెట్టేవాడు వాడొక్కడే. వాడు లేడు కాబట్టి నేను రాశాను."

మార్లిస్ కళ్ళు తుడుచుకుంది. తండ్రి పేరు మీద కూడా గీత గీసింది. మిగతా తొమ్మిదింటి కంటే ఆ గీత నిదానంగా పడింది.

వర్జిల్ లేచి వచ్చాడు. "ఇంకో కాయితముందా?"

"ఎందుకు?"

"నీ పేరు ఎన్నికల్లో లేకపోతే నిన్ను ఓడించేదెట్లా? ఇట్లా దొంగచాటుగా కాదు. ఏప్రిల్‌లో, ఊరంతా కలిసి." బరబరా తన పేరు, ఇంటి నంబరు రాశాడు. "రండిరా, ఈసారి బతికున్నవాళ్ళ పేర్లు రాయండి!"

నలుగురు వచ్చారు. "మట్టి కరుస్తావు చూడు" అని ఒకడు, "మా ఆవిడతో కూడా నీకు వ్యతిరేకంగానే ఓటేయిస్తా" అని ఇంకొకడు. అయిదు అయ్యాయి. ఆరోవాడు రాలేదు.

మార్లిస్ అత్త వైపు చూసింది. అడగలేదు. డెలోరిస్ కొడుకు కూడా ఆ ఫ్యాక్టరీవాడే. ఇప్పుడు గంటన్నర దూరంలో గోడౌన్‌లో మూటలు మోస్తున్నాడు.

డెలోరిస్ ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుని పెన్ను లాక్కుంది. "ఇది మా తమ్ముడి కోసం. ఓటు మాత్రం నీకు చచ్చినా వెయ్యను."

సంతకం పెట్టి, ఒక పళ్ళెం చేపలు ముందుకు తోసింది. "తినేసి వెళ్ళు. మళ్ళీ ఈ గడప తొక్కకు."

మార్లిస్ కాగితం అడుగున తన పేరు రాసింది. తర్వాత అందరూ చూస్తుండగా కూర్చుని, ఆ చేపల్ని ఒక్క ముక్క మిగల్చకుండా తింది. ఆ రుచి ఇక దొరకదని ఆమెకు తెలుసు.