డిస్కులో చోటు లేదు

అయినా ఆటని రికార్డు చేసే ఈ చిన్న డబ్బాకి ఏం తెలుసు, ఒక పక్క వీడియో ఆటపెట్టె నుంచి వచ్చే వైరు, ఇంకో పక్క టీవీకి వెళ్ళే వైరు, మధ్యలోంచి కంప్యూటర్‌కి ఒకటి, వైరులోంచి వచ్చిందే దానికి లోకం, అది మాత్రం పొల్లుపోకుండా ఎత్తి దాచిపెడుతుంది, ఆటలో నేను నడిపించే, వానకి తడిసిన ఆ పిల్ల కనురెప్ప మీది నీటిబొట్టుతో సహా, హెచ్‌డీ అంటే ఇదీ అని మొదటిరోజు ఇద్దరం ఎంత మురిసిపోయాం, మరి ఆయనేడీ, నా వెనక కుర్చీలో బఠాణీలు ఒలుస్తూ ఏడాది పొడుగునా నా ఆట చూసిన మొగుడు, పొద్దుటినుంచి ఇన్ని ఫైళ్ళు చూశాను, ఎక్కడా లేడేం.

వదినా, ఇంకా అవలేదా అని వంటింట్లోంచి ఆడపడుచు, పాపం వాళ్ళన్న పోయినప్పటినుంచి నన్ను ఒంటరిగా వదలడం లేదు, ఆగిపోయిన ఆట మళ్ళీ మొదలుపెట్టు వదినా, మనసు కుదుటపడుతుంది అంది, సరే అని కూర్చుంటే రికార్డింగు నొక్కగానే డిస్కులో చోటు లేదు అని ఎర్ర అక్షరాలు, పాతవి చెరిపెయ్, ఎలాగూ అన్నీ నీ ఛానల్లో పెట్టేశావుగా, ఇంకా ఏముంది వాటిలో అంటుంది, నిజమే, ఏముంది, ఒక్క నొక్కుడు నొక్కితే పోతాయి, కానీ వాటిలో ఎక్కడైనా ఉంటాడేమోనని భయం, లేడేమోనని అంతకంటే పెద్ద భయం.

మైకు పెట్టలేదు, నా గొంతు నాకే నచ్చదు, ఆటలో ఇరుక్కుపోయినవాళ్ళకి దారి చూపిస్తే చాలదా మాటలెందుకు అనుకున్నాను, కాబట్టి గొంతు దొరకదు, మొహమైనా దొరకాలిగా, లెవెల్‌కీ లెవెల్‌కీ మధ్య టీవీ నల్లబడేది, ఆ నల్లటి అద్దంలో రోజూ కనబడేవాడు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, ఒళ్ళో గిన్నె, నేను చూశానని తెలియగానే కనుబొమలు ఎగరేసేవాడు, ఫైలుని అక్కడికి జరిపాను, సరిగ్గా ఆ నలుపు దగ్గర ఆపాను, వట్టి నలుపు, అద్దం మీద కనబడింది అద్దం మీదే పోయింది, వైరులోకి రాలేదు, ఆ నలుపులో ఇప్పుడు నేనూ, నా వెనక కుర్చీ, కుర్చీలో ఎవరో కూర్చున్నట్టు భుజాలు, తిరిగి చూస్తే ఆయన స్వెట్టరు, అక్కణ్ణించి తియ్యొద్దని నేనే చెప్పాను.

లిఫ్టులు బాగుచేసే మనిషికి పైకీ కిందికీ తప్ప వేరే దిక్కులుండవు కాబోలు, ఏ ఆటయినా సరే, పైకెక్కవే మొద్దూ, అంతా పైనే ఉంటుంది అనేవాడు, ఎక్కితే అక్కడ గుడ్డి గవ్వ కూడా ఉండేది కాదు, జారిపడి ఆ పిల్ల చచ్చేది, నీ సలహాలు తగలెయ్య అంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు, చివరిరోజు కూడా గుమ్మంలో బూట్లు వేసుకుంటూ ఆ బురుజు ఎక్కకు, నేనొచ్చాక ఎక్కుదాం అన్నాడు, ఎవరిదో మేడ కింద చేతిలో స్పానరుతోనే గుండె ఆగిపోయిందిట, ఆటలో ఆ బురుజు ఇంకా అలాగే ఉంది, ఇవి చెరిపితేగానీ అది ఎక్కలేను.

ఆలోచిస్తూ చూసుకోలేదు, ఫైలు దానంతటదే నడుస్తోంది, ఆ పిల్ల వంతెన మధ్యలో నిలబడిపోయింది, ఇక్కడెందుకు ఆగాను, శత్రువులు లేరు, దారి తిన్నగానే ఉంది, ఛానల్లో పెట్టేముందు ఇలాంటివన్నీ కోసేసేదాన్ని, చూసేవాళ్ళకి విసుగు కదా, వాన పడుతూనే ఉంది, ఆ పిల్ల లాంతరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది, మీటలు ముట్టుకోకపోతే అలా చేస్తుంది, తర్వాత మెల్లగా తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూసింది, అప్పుడు నేనూ వెనక్కే తిరిగి ఉన్నాను, అవును, చేతిలోది ఒళ్ళో పెట్టేసి కుర్చీ వైపు తిరిగాను, ఏదో అన్నాడు, ఏమన్నాడో గుర్తు లేదు, నేను నవ్వుతున్నంతసేపూ పాపం ఆ పిల్ల వానలో నిలబడే ఉంది, ఇంకో ఫైలు తెరిచాను, మెట్ల దగ్గర నిలబడింది, ఇంకోటి, తలుపు ముందు, చాలాసేపు, ఆ పూట పోట్లాడుకుని ఉంటాం, వదినా చెరిపేశావా అంటోంది, లేదమ్మా, చెరపను, ఛానల్లో పెట్టినవాటిలో మీ అన్న లేడు, ఇక్కడున్నాడు, ఆట ఆగిన ప్రతిచోటా ఉన్నాడు, ఆ పిల్ల కదలకుండా నిలబడ్డంతసేపూ మేమిద్దరం మాట్లాడుకుంటున్నాం.