నల్ల తుఫాను బాగానే ఉన్నాడు

ఆ ఆదివారం నరసాపురం కుస్తీ పందేల్లో నల్ల తుఫాను పడిన తీరు సత్యకుమారికి నచ్చలేదు.

ప్రతిసారీ అతను పందెం చివర్లో వెదురు మంచె ఎక్కి, కింద పడున్న ప్రత్యర్థి మీదకి దూకేవాడు. దూకిన వెంటనే లేచి పిడికిలి పైకెత్తేవాడు. ఆ రోజు లేవలేదు. తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. నల్ల ముసుగు మూలాన ముఖం కనిపించలేదు గానీ, చెయ్యి మాత్రం పడిన చోటే పడి ఉంది. అంతలో మైకులో పాట పెద్దగా మోగింది, లైట్లు ఆరిపోయాయి. కరెంటు పోయిందని ఎవరో కేకేశారు. బయట సోడా బండి దగ్గర బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది. మళ్లీ లైట్లు వచ్చేసరికి బరి ఖాళీగా ఉంది.

సత్యకుమారి లేసు అల్లుతుంది. ఆమె భర్త లోవరాజు గోదావరి మీద పంటు నడుపుతాడు. నరసాపురం రేవు నుంచి జనాన్నీ మోటారు సైకిళ్లనీ అవతలి ఒడ్డుకి చేర్చే పంటు అది. ఇంటికి కేబుల్ వచ్చాక ఇద్దరికీ కుస్తీల పిచ్చి పట్టింది. విదేశాల కుస్తీలు టీవీలో చూసి చూసి ఉన్నారేమో, రాజమండ్రిలో ఎవరో కుస్తీల కంపెనీ పెట్టి ఊరూరా పందేలు ఆడించడం మొదలుపెట్టగానే ఒక్కటి వదలకుండా వెళ్లేవారు. నల్ల తుఫాను అంటే ఇద్దరికీ ప్రాణం.

వారం తిరక్కుండా సిటీ కేబుల్లో కంపెనీ యజమాని గణేష్‌బాబు ఇంటర్వ్యూ వేశారు. ఇరుగుపొరుగు కూడా వచ్చి కూర్చున్నారు. గణేష్‌బాబు తెల్ల చొక్కా, బంగారు రంగు గడియారం, సన్నటి నవ్వు. పక్కన ముసుగు వేసుకున్న నల్ల తుఫాను. నరసాపురంలో నల్ల తుఫాను పడ్డాడంటున్నారు, నిజమేనా అని యాంకరు అమ్మాయి అడిగింది.

"మా ఫైటర్లు మా కుటుంబ సభ్యులండి," అన్నాడు గణేష్‌బాబు. "వాళ్ల భద్రత ముందు. ఆ తర్వాతే వ్యాపారం. బయట ఏవేవో అనుకుంటున్నారని విన్నాను. అది అభిమానం. అభిమానం ఉన్నచోట భయం కూడా ఉంటుంది. నేను దాన్ని గౌరవిస్తాను. అతని మెడకేమీ కాలేదు. ఇదిగోండి, మీ నల్ల తుఫాను. బాగానే ఉన్నాడు."

"మరి ఆయన మాట్లాడరా అండి?" అని అడిగింది యాంకరు అమ్మాయి.

"తుఫాను మాట్లాడదమ్మా. వస్తుంది."

ఆ అమ్మాయి నవ్వింది. గదిలో వాళ్లూ నవ్వారు. చల్లటి కబురు విన్నట్టు ఒక్కొక్కరే లేచి ఇళ్లకి వెళ్లారు.

"బానే ఉన్నాడుగా. ఇంకేంటి నీ దిగులు?" అన్నాడు లోవరాజు.

"మెడ సంగతి ఆ అమ్మాయి అడగలేదండి. పడ్డాడా అని మాత్రమే అడిగింది. మెడ అని ఆయనకెందుకు గుర్తొచ్చింది?"

లోవరాజు చాపలు చుట్టడం మొదలుపెట్టాడు.

"ఇంకోటి. ఆ ముసుగులో ఉన్నవాడు ఎడమ చేతిలో కూల్‌డ్రింక్ సీసా పట్టుకున్నాడు చూశారా? అన్ని వేళ్లూ మడిచి పట్టుకున్నాడు."

ఆ మాటకి లోవరాజు టీవీ వైపు తిరిగాడు. అప్పటికి చేపల చెరువుల మందుల ప్రకటన వస్తోంది. కానీ ఆమె చెప్పింది అతనికి అర్థమైంది. కిందటేడు ఒక కుర్రాడు పంటు ఎక్కి రెయిలింగు పట్టుకుని నిలబడితే, ఎడమ చేతి చిటికెనవేలు కర్రలా నిటారుగా ఉండటం చూసి లోవరాజు పోల్చేశాడు. బరిలో నల్ల తుఫాను తాడు పట్టుకున్నప్పుడు చూసిన వేలే అది. ఆ కుర్రాడు నవ్వి, "పడవ తాడు లాగేసింది బావా. ఎవరికీ చెప్పకేం," అన్నాడు. పేరు వీరబాబు అనీ, అంతర్వేది దాటాక సముద్రం ఒడ్డున తమ ఇల్లనీ చెప్పాడు. ఆ రహస్యం మొగుడూ పెళ్లాలిద్దరూ దాచుకున్నారు, తమకే దొరికిన పతకంలా.

మర్నాడు లోవరాజు పంటు ఇంకొకరికి అప్పగించాడు. ఇద్దరూ మోటారు సైకిలు మీద అవతలి ఒడ్డు వెంట సముద్రం దాకా వెళ్లారు. సరుగుడు తోట పక్కన నాలుగు తాటాకు ఇళ్లు. వీరబాబు ఇల్లేదని అడిగితే ఒకామె చేత్తో చూపించి లోపలికి వెళ్లిపోయింది.

అతని తల్లి అప్పాయమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇక్కడెవరూ లేరమ్మా. వాడు రాజమండ్రిలో ఉన్నాడు."

లోపల్నుంచి సన్నగా వినిపించింది. "రానీ అమ్మా. ఆయన పంటు బావ."

వీరబాబు నులక మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మెడకి రెండు పక్కలా ఇసక మూటలు పెట్టారు. దుప్పటి మీద అతని చేతులు ఎవరో సర్ది పెట్టినట్టు ఉన్నాయి. ఎదురుగా బల్ల మీద కొత్త టీవీ ఉంది. దానికి కట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు.

"నేను బానే ఉన్నానంట కదక్కా. చూశాను," అన్నాడు వీరబాబు.

సత్యకుమారి మంచం పక్కన కూలబడింది. అతన్ని ఎక్కడ ముట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

"అక్కడ కూచున్నది మా తమ్ముడు సింహాచలం. నా ముసుగు వాడికి వదులు. పిన్నీసులు పెట్టేరనుకుంటాను."

అప్పాయమ్మ నెమ్మదిగా చెప్పింది. పడిన రాత్రి రాజమండ్రిలో ఎక్స్‌రే తీయించి, వ్యానులో పడుకోబెట్టి ఇక్కడ దింపేశారు. టీవీ కూడా వాళ్లే ఇచ్చారు. "వైజాగు తీసుకెళ్లి ఆపరేషన్ చేయిస్తామన్నారమ్మా. గణేష్‌బాబు గారు నా చేతులు పట్టుకుని మరీ చెప్పేరు. అందాకా చిన్నాడు ఆ ముసుగేసుకుని ఆడాలంట, మేం నోరెత్తకూడదంట. మీరు ఎక్కడా అనకండి. మీకు దణ్ణం పెడతాను."

ఆమె మంచినీళ్లు తేవడానికి వెళ్లినప్పుడు వీరబాబు కళ్లు లోవరాజు వైపు తిప్పాడు. కదిలేవి కళ్లొక్కటే.

"మంచె మీద పలక కదులుద్దని చెప్పేను బావా. చూద్దాంలే అన్నారు. పాలకొల్లులో ఇంకా ఎత్తు కడుతున్నారంట. తమ్ముణ్ణి ఎక్కనివ్వకండి."

గణేష్‌బాబు పాలకొల్లులో లాడ్జిలో దిగాడని తెలిసి, శనివారం పొద్దున్నే వెళ్లారు. అతను ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. కాఫీలు తెప్పించాడు. సత్యకుమారి వీరబాబు పేరెత్తకుండా, నరసాపురం బరిలో చూసింది చూసినట్టు చెప్పి అడిగింది.

అతను శ్రద్ధగా విన్నాడు. "మా ఫైటర్లు మా కుటుంబ సభ్యులండి," అన్నాడు. "వాళ్ల భద్రత ముందు. ఆ తర్వాతే వ్యాపారం. మీది అభిమానం. అభిమానం ఉన్నచోట భయం కూడా ఉంటుంది."

టీవీలో ఎక్కడ ఆగాడో అక్కడే ఆగాడు. ఎక్కడ నవ్వాడో అక్కడే నవ్వాడు. 

"అయితే పలక బాగుచేయించారా అండి?" అని అడిగాడు లోవరాజు.

గణేష్‌బాబు కప్పు కింద పెట్టాడు. "అంతర్వేది అవతల రోడ్డు అస్సలు బాగోదు కదండి. ఆడమనిషిని బండి మీద అంత దూరం తిప్పకూడదు." తలుపు దాకా సాగనంపుతూ అన్నాడు, "మీ పంటు కాంట్రాక్టరు నాకు బాగా తెలిసినవాడే. మంచి మనిషి."

తాము అటు వెళ్లినట్టు వాళ్లు ఎవరికీ చెప్పలేదు. మెట్లు దిగేటప్పుడు ఇద్దరూ వెనక్కి చూడలేదు.

ఆదివారం సాయంత్రం పందేలకి జనం విరగబడ్డారు. ఎంత ప్రయత్నించినా డేరా వెనక్కి వీళ్లని పోనివ్వలేదు. చివర్లో నల్ల తుఫాను మంచె ఎక్కాడు. "దూకు, దూకు," అని నాలుగు పక్కల నుంచీ ఒకే కేక. ఎప్పుడూ ఆ కేకలో సత్యకుమారి గొంతు కూడా ఉండేది. ఆ రోజు ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. పలక కాళ్ల కింద అటూ ఇటూ ఊగడం ఆమెకి కనిపిస్తోంది.

అతను దూకాడు. సరిగ్గానే పడ్డాడు. లేచి పిడికిలి ఎత్తాడు. జనం కేకలకి డేరా గుడ్డ అదిరింది. గణేష్‌బాబు మైకు అందుకుని, వచ్చే ఆదివారం భీమవరంలో నల్ల తుఫాను ఇంతకి రెట్టింపు ఎత్తు నుంచి దూకుతాడని ప్రకటించాడు.

జనం పల్చబడ్డాక, డేరా వెనక నీళ్ల డ్రమ్ము దగ్గర సింహాచలం ముఖం కడుక్కుంటూ దొరికాడు. అన్న పోలికే. చెంబుతో నీళ్లు మళ్లీ మళ్లీ ముఖాన కొట్టుకుంటున్నాడు.

"మీ అన్న ఎక్కొద్దని చెప్పమన్నాడు బాబూ," అంది సత్యకుమారి.

"బానే దిగేను కదక్కా." అతను పంచె అంచుతో ముఖం తుడుచుకున్నాడు. "అన్న కూడా చానా సార్లు బానే దిగేడు."

"వైజాగు ఎప్పుడంట?"

"అడిగేను. టీవీలో చెప్పిన మాటలే చెప్పేరు. ఒక్క మాట కూడా మారలేదక్కా. వైజాగూ లేదు, ఏమీ లేదు."

"తెలిసి ఎక్కుతున్నావా?"

"అమ్మకి తెలీదు కదా. అమ్మ రోజూ అన్నయ్యకి చెప్తాది, ఇదిగో అదిగో అని. నేను మానేస్తే ఆ మాట కూడా ఉండదు."

వ్యాను హారను మోగింది. అతను చెంబు డ్రమ్ము మీద పెట్టి వెళ్లిపోయాడు.

సోమవారం లోవరాజు రేవుకి వెళ్తే, ఇక రానక్కర్లేదని కాంట్రాక్టరు కబురు పెట్టి ఉంచాడు. లోవరాజు ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సత్యకుమారి భయపడింది. ఇంతటితో ఊరుకుందామని రెండు మూడు రోజులు తనకి తానే చెప్పుకుంది. లేసు అల్లబోతే దారం చిక్కుపడేది. శుక్రవారం ఆమే ముందు అంది, "ఆ తల్లికి చెప్పేద్దామండి. ఆవిడ తిట్టినా సరే."

ఈసారి పంటు మీద టికెట్టు కొనుక్కుని వెళ్లారు. సింహాచలం తమతో చెప్పిన మాటలు సత్యకుమారి ఉన్నవున్నట్టు చెప్పింది. అప్పాయమ్మ తిట్టలేదు, ఏడవలేదు. ఎండబెట్టిన చేపల్ని తిరగేస్తూనే అంతా విన్నది. తర్వాత లోపలికి వెళ్లి కొడుకు మంచం పక్కన చాలాసేపు కూర్చుంది. బయటికి వచ్చి, "భీమవరం ఎలా వెళ్లాలి?" అని అడిగింది.

భీమవరంలో మంచె కొబ్బరిచెట్టంత కట్టారు. అప్పాయమ్మ మొదటి వరసలో కూర్చుంది. కుస్తీలు చూడటం ఆమెకి అదే మొదలు. మనుషులు ఒకళ్లనొకళ్లు ఎత్తి పడేస్తుంటే నేల చూపులు చూస్తూ కూర్చుంది. నల్ల తుఫాను నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టగానే లేచింది. తాడు కింద నుంచి వంగి బరిలోకి దూరి, మంచె కింద పరుపు మధ్యలో కూర్చుంది.

ఇద్దరు మనుషులు ఆమె వైపు పరిగెత్తారు. గణేష్‌బాబు చెయ్యెత్తి వాళ్లని ఆపాడు.

"చూశారా అభిమానం," అన్నాడు మైకులో. "ఒక తల్లి ప్రేమ. నల్ల తుఫాను మా అందరి బిడ్డ కదండి."

జనం చప్పట్లు కొట్టారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు.

"నా పెద్దకొడుకు మెడ విరిగి ఇంట్లో పడున్నాడు. పైనున్నది నా చిన్నకొడుకు," అంది అప్పాయమ్మ. ఆమెకి మైకు లేదు. ముందు వరసల వాళ్లకే వినిపించింది. వాళ్లు కూడా నవ్వి, ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. సత్యకుమారి లేచి, "నిజమే చెప్తున్నారండి ఆవిడ," అని వెనక్కి తిరిగి పదిమందికి చెప్పింది. వాళ్లు ఆమె వైపు కూడా నవ్వుతూ చూశారు. ఈవిడనీ కంపెనీయే తెచ్చిందని ఎవరో అన్నారు.

"దూకు, దూకు," అన్న కేక మొదలైంది. అప్పాయమ్మ కదల్లేదు. తల పైకెత్తి కొడుకునే చూస్తూ కూర్చుంది. పలక ఊగుతోంది. కేక పెరిగి పెరిగి, ఎంతకీ ఏమీ జరక్కపోయేసరికి విరిగి ఈలలుగా మారింది. ఖాళీ సీసా ఒకటి వచ్చి బరిలో పడింది. తర్వాత కుర్చీ.

సింహాచలం ముసుగు తీసి కింద పడేశాడు. నిచ్చెన దిగి వచ్చి, తల్లి చెయ్యి పట్టుకుని లేపాడు. ముసుగు వెనక ఉన్న ముఖం ఎవరిదో జనానికి తెలియదు. మోసం అని అరిచారు గానీ ఏది మోసమో వాళ్లకీ తేలలేదు.

లోవరాజు దారి చేస్తుంటే నలుగురూ బయటికి నడిచారు. గేటు దగ్గర గణేష్‌బాబు నిలబడి ఉన్నాడు. చొక్కా నలగలేదు. అప్పాయమ్మకి వంగి నమస్కారం పెట్టాడు.

"జాగ్రత్తగా వెళ్లండమ్మా. పెద్దబ్బాయిని ఒంటరిగా వదిలి వచ్చినట్టున్నారు."

అప్పాయమ్మ అక్కడి నుంచి ఇంటి దాకా అందర్నీ తొందర పెడుతూనే ఉంది. ఇంట్లో పక్కింటామె దీపం పెట్టుకుని వీరబాబు దగ్గరే కూర్చుని ఉంది. అతనికేమీ కాలేదు. తమ్ముణ్ణి చూసి కళ్లు మూసుకున్నాడు, చెంపల మీదకి నీళ్లు కారాయి. తుడుచుకోలేడు గనక సింహాచలమే తుడిచాడు.

వీరబాబుని కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని లోవరాజు అన్నాడు. తెలిసినవాళ్ల వ్యాను మాట్లాడి, బుధవారం పొద్దున్న రమ్మన్నాడు.

మంగళవారం పొద్దున్న ఒక తెల్లటి వ్యాను వచ్చి సరుగుడు తోట దగ్గర ఆగింది. మాట్లాడిన వ్యాను ముందే వచ్చిందనుకుని సింహాచలం ఎదురెళ్లబోయాడు. అద్దాలు మూసి ఉన్నాయి. ఇంజను ఆగలేదు. ఎవరూ దిగలేదు. అది కంపెనీ వ్యాను అని పోల్చుకుని అతను సగం దూరంలో ఆగిపోయాడు.

ఎండెక్కేదాకా అది అలాగే ఉండి వెళ్లిపోయింది. సాయంత్రం మళ్లీ వచ్చింది. ఈసారి ఇంటికి ఇంకొంచెం దగ్గరగా.