ట్రైలరు ముక్కు బరువు

"స్నానాలగదిలో ఉండాల్సిన వస్తువు స్నానాలగదిలోనే ఉండాలి," అన్నాడు మా ఆయన జెనోన్, పొద్దుటినుంచి మూడోసారి. "బరువు చూసుకుందామంటే మిషను లేదు. అడిగితే గరాజులో ఉందంటావు. గరాజులో దానికేం పని?"

"పని ఉంది."

"నా బరువు నాకు తెలియొద్దా?"

"నేను చెప్తాను. పోయినవారం కంటే ఎక్కువ," అన్నాను బంగాళాదుంపలు చెక్కుతూ.

కిటికీ పక్కన బఠానీలు ఒలుస్తున్న మా అత్తగారు స్తెఫానియా తల ఎత్తకుండానే అందుకుంది. "వాడి బరువు సంగతి సరే. నువ్వు ఎప్పుడు చూసినా ఆ గరాజులోనే ఉంటున్నావేంటమ్మా రెన్యా? ఆదివారం బోలెక్ వచ్చి ఆ ట్రైలరు లాక్కుపోతాడు. ఆ పీడ వదిలిపోతుంది."

బోలెక్ నా మరిది. ఊరి చివర కూరగాయల మడి ఉంది అతనికి. మా ట్రైలరు చక్రాలు ఊడదీసి, దాన్ని ఆ మడిలో ఇటుకల మీద నిలబెట్టి, పారలూ ఎరువు బస్తాలూ పెట్టుకుంటానన్నాడు. క్రిస్మస్ భోజనాల దగ్గర ఆ మాట అనుకున్నారు. అందరూ తలూపారు. నేను చేప ముక్కలు వడ్డిస్తూ ఉన్నాను. నన్నెవరూ అడగలేదు.

కారు వెనక కట్టుకుపోయే ఇల్లే గానీ, ఆ ట్రైలరు మరీ చిన్నది. ఇద్దరు పడుకోవచ్చు, ఒక్కరే నిలబడగలరు. ఒక పొయ్యి, రెండు కంచాలు. ఏడాదిలో రెండు వారాలు మజూరి సరస్సు ఒడ్డున అందులో ఉంటాం. ఆ రెండు వారాలు నన్ను ఎవరూ సూప్ అడగరు. అది పోతే నాకు మిగిలేది ఈ వంటగదే.

పోయిన వేసవిలో జెనోన్ కంటికి ఆపరేషన్ అయింది, అందుకని నేను తోలాను. మాది పాత ఎస్‌యూవీ, మా అమ్మాయి ఇగా పుట్టిన ఏడాది తయారైంది. ఇంకో గంటలో సరస్సు చేరతామనగా, పల్లంలో ఒక లారీ మమ్మల్ని దాటుకుపోయింది. అంతే, వెనక ట్రైలరు కుక్క తోకలా ఊగడం మొదలుపెట్టింది. కారును కూడా ఊపేసింది. చివరికి రోడ్డు దిగి గడ్డిలో ఆగాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. జెనోన్ దిగి సిగరెట్ వెలిగించుకున్నాడు. ఇంటికొచ్చాక అందరికీ చెప్పాడు. "ఆడవాళ్ళ చేతికి ట్రైలరు ఇవ్వకూడదు." రొట్టెల దుకాణంలో కూడా నన్ను చూసి నవ్వుకునేవాళ్ళు.

బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టి గరాజుకు వెళ్ళాను. మంచు కరిగినప్పటినుంచి అదే పని. కారు కిందికి దూరి చూస్తే, ట్రైలరు తగిలించే గుండును పట్టుకున్న బోల్టులు రెండు తుప్పు పట్టి ఉన్నాయి. మార్పించాను. కారు బ్రేకులు కొత్తవి వేయించాను. ట్రైలరు టైర్లు చూసి జెనోన్, "గాట్లు కొత్తవాటిలా ఉన్నాయి, ఇంకో పదేళ్ళు తిరుగుతాయి," అన్నాడు. గాట్లు బాగానే ఉన్నాయి, పక్కలు మాత్రం ఎండిన మడి మట్టిలా బీటలు తీశాయి. అవీ మార్పించాను. గుండు మీంచి ట్రైలరు ముక్కు, అంటే ముందు కొస, జారినా దాన్ని ఆపాల్సిన తీగ తెగేటట్టుంది, అదీ మార్చాను.

ఇగా ట్రైలరు వెనక నిలబడింది, చేతిలో ఆపిల్ పండు. ఆస్పత్రిలో నర్సు తను, ఆ రోజు సెలవు.

"ఎడమ ఇండికేటర్," అన్నాను స్టీరింగు దగ్గరనుంచి.

"లేదు."

"ఇప్పుడు?"

"కుడిది వెలుగుతోంది. అమ్మా, నువ్వు ఎడమకి తిరుగుతానంటే నీ వెనకవాడు కుడికనుకుంటాడు. పుణ్యం వస్తుంది."

ట్రైలరు దీపాలను కారుకి కలిపే ప్లగ్గు విప్పి, పచ్చగా చిలుముపట్టిన సూదులు గీకి, తీగలు సరిగ్గా కలిపాను. ఈసారి ఎడమది మిణుకుమంది.

ఇక మిగిలింది ముక్కు. ట్రైలరు ముందు భాగం కారు గుండు మీద ఎంత బరువు మోపాలో ఆ పక్కన రేకు మీదే రాసి ఉంది. బరువు మిషను నేలమీద పెట్టి, దానిమీద చెక్క దిమ్మ నిలబెట్టి, ముక్కును దిమ్మ మీదకి దించాను. ముల్లు కదిలీ కదలనట్టు ఆగిపోయింది. కోడిపిల్లను పెట్టినా అంతకంటే ఎక్కువ చూపించేది.

"ఇది పాడైందా?" అంది ఇగా. తనే ఎక్కి చూసుకుని, ముఖం ముడుచుకుని దిగింది. "పాడవలేదు."

నేను ట్రైలరులోకెళ్ళి వెనక బల్ల మూత ఎత్తాను. పులిసిన వాసన గుప్పుమంది. నిండా సీసాలు. దోసకాయ ఊరగాయ, బీట్‌రూట్, రేగిపళ్ళ జామ్, ఉడికించిన మాంసం. పోయినేడు గడ్డిలోంచి తెచ్చి గరాజులో తోసిన తర్వాత దీన్ని ఎవరూ తెరవలేదు. చలికి ఒకటి పగిలింది. ఈ సీసాలనే పక్కింటి గెనోవెఫా తీసుకుని తిరిగివ్వలేదని, మా అత్తగారు చలికాలమంతా ఆవిడతో మాట్లాడటం మానేసింది.

నేను పోయినేడు ఆ సీసాలను ముందు బల్ల కింద సర్దాను. నా చేతులతోనే సర్దాను.

బరువు మిషను కోసం జెనోన్ అప్పుడే వచ్చాడు.

"ఈ సీసాలు వెనక్కి ఎవరు మార్చారు?"

"నేనే." కాస్త గర్వంగానే చెప్పాడు. "ముందు పెడితే కారు నడుం కుంగుతుంది. ముసలిది కదా, పాపం. వెనక పెట్టాక ముక్కు ఎంత తేలికైందో గుర్తుందా? రెండు వేళ్ళతో ఎత్తి తగిలించాను."

"గుర్తుంది. ముక్కు తేలిపోతే తోక ఆడుతుంది జెనోన్."

"లారీ గాలికి ఊగింది. నువ్వు స్టీరింగు అటూ ఇటూ తిప్పావు."

"సీసాలు పట్టు."

పట్టాడు. సీసాలను ట్రైలరు మధ్యకు, చక్రాల ఇరుసు మీదికి తెచ్చి, నేలమీద పెట్టెల్లో కదలకుండా సర్దాం. గ్యాస్ బండను ముందుకు జరిపాను. ప్రతిసారీ ముల్లు కొంచెం కొంచెంగా ఎక్కింది. రేకు మీది అంకెకు కాస్త ఇవతల ఆగింది. జెనోన్ వంగి దాన్ని చాలాసేపు చూశాడు, ఆపరేషన్ అయిన కన్నుతో ఒకసారి, రెండోదానితో ఒకసారి.

"ఇది బోలెక్‌కి చెప్పక్కర్లేదులే," అన్నాడు చివరికి.

"ఊరందరికీ చెప్పింది నువ్వే కదా. ఇది చెప్పడానికి నోరు నొప్పా?"

"చెప్పడానికేముంది, ఎలాగూ ఇచ్చేస్తున్నాం. అయినా తోలింది నువ్వే."

ఇగా నవ్వబోయి, నా ముఖం చూసి ఆపిల్ కొరికింది.

ఆదివారం అందరూ చర్చికి తయారయ్యారు. తలనొప్పి అనలేదు, ఇంకే సాకూ చెప్పలేదు. "నేను రాను," అన్నాను. వాళ్ళు మలుపు తిరిగాక ట్రైలరు తగిలించాను. గుండు గట్టిగా పట్టిందో లేదో జాకీతో ఎత్తి చూశాను. తీగ తగిలించాను. దీపాలు చూశాను. బయలుదేరాను.

లారీలు తిరిగే పెద్ద రోడ్డుకే వెళ్ళాను. పిండి మిల్లు దాటాక అక్కడా ఒక పల్లం ఉంది. పైనే గేరు తగ్గించి నెమ్మదిగా దిగుతుంటే, అద్దంలో లారీ పెరుగుతూ కనిపించింది. రానీ అనుకున్నాను. అది పక్కనుంచి గాలి కొట్టుకుంటూ పోయింది. ట్రైలరు ఒక్కసారి పక్కకి ఒరిగి, వెంటనే సర్దుకుని నా వెనకే బుద్ధిగా వచ్చింది. స్టీరింగును నేను తిప్పలేదు. నిలబెట్టాను, అంతే.

తిరిగి ఇంటికి దగ్గరిదారి ఉంది. నేను చర్చి మీదుగా వచ్చాను. సరిగ్గా జనం మెట్లు దిగుతున్నారు. రొట్టెల దుకాణం ఆవిడ ఉంది. మంచి సూటులో జెనోన్, చేయి పట్టుకుని అత్తగారు ఉన్నారు. అందరి ముందునుంచి నడక వేగంలో వెళ్ళి, ఎడమ ఇండికేటర్ వేసి, మా వీధిలోకి తిరిగాను.

భోజనాల వేళకి బోలెక్ వచ్చాడు. ట్రైలరు చక్రాలు ఊడదీసే సామాను తన కారు వెనక వేసుకుని తెచ్చాడు. కోడి సూప్‌లో సేమ్యా వేసి వడ్డించాను.

"చర్చి ముందు ఊరేగింపు తీశావట వదినా," అన్నాడు. "ట్రైలరుకి వీడ్కోలా?"

"పోయినేడు అది ఎందుకు ఊగిందో జెనోన్ చెప్తాడు," అన్నాను.

జెనోన్ చెంచా రెండుసార్లు తిప్పాడు.

"సీసాలు వెనక పెట్టాను," అన్నాడు. "తప్పు నాదే."

అత్తగారు చెంచా దించింది. "ఏ సీసాలు? నా సీసాలా? మరి గెనోవెఫా?"

"ఆవిడతో ఇవాళే మాట్లాడండి అత్తయ్యా."

బోలెక్ నవ్వలేదు. సూప్ గిన్నె మధ్యలో పెట్టి, చేతులు తుడుచుకుని, నేను కూడా కూర్చున్నాను.

"బోలెక్, నీ పారలకి వేరే చోటు చూసుకో," అన్నాను. "మంగళవారం పొద్దున సరస్సుకి వెళ్తున్నాను. కారు నేనే తోలతాను. పక్క సీటు ఖాళీ, రావాలనుకున్నవాళ్ళు రావచ్చు. సీసాలు మాత్రం నేను చెప్పినచోటే ఉంటాయి."