కురుమూర్తి నాటిన సాలు

మార్గశిరం వస్తే కృష్ణ ఒడ్డున వట్టివేళ్ళు తవ్వుతారు. దుబ్బును గడ్డపారతో లేపి, వేర్లు కోసుకుని, పిలకను అదే గుంతలో మళ్ళీ నాటి, కాలితో అదిమి గానీ పక్క దుబ్బుకు పోరు. ఎవరు నాటితే తడిసిన వేర్లలో వాళ్ళ వాసన వస్తుంది కాబట్టి ఆ ఊళ్ళో మోపులకు గుర్తులు కట్టే పనిలేదు. జోగులమ్మ వేర్లది పసుపు వాసన, ఎల్లన్న వేర్లది పొగాకు వాసన.

కురుమూర్తి పోయి నాలుగేళ్ళయింది. అతడు నాటిన సాలును భార్య అమృతమ్మ తవ్వలేదు. వారానికొక్క వేరు లాగి తాగే నీళ్ళ కుండలో వేసేది. తండ్రి పోయాక పుట్టిన బుజ్జమ్మకు ఆ కుండ వాసనే నాయిన. బీడీ, ఆముదం, తడిసిన గొంగడి.

పక్క సాలు మద్దిలేటిది. ఏటా అందరికన్నా పెద్ద మోపు తనదేనని మీసం దువ్వే మనిషి. ఆ ఏడు అతని దుబ్బులకు వేరుపురుగు పట్టింది. అమృతమ్మ బిడ్డనెత్తుకుని మల్దకల్ తిమ్మప్ప జాతరకు పోయిన రోజు, పట్టపగలే కురుమూర్తి సాలంతా లేపేశాడు. పిలకలు నాటబోయి ఆగాడు. నాటితే రేపు తన వాసనే తనను పట్టిస్తుంది. అన్నింటినీ ఏట్లో విసిరేశాడు. ముక్కులున్న ఊళ్ళో ఈ అతితెలివి ఎన్నాళ్ళు ఆగుతుంది?

మర్నాడు రేవు దగ్గర, అత్తరు కాచి పట్నం నవాబుల దేవిడీలకు పంపే సాయబు మద్దిలేటి మోపులోంచి ఒక వేరు తడిపి వాసన చూశాడు.

“ఇది కురుమూర్తి చెయ్యి.”

“పోకముందు నా సాల్ల గూడ అన్ననే నాటిండు, సాయబూ.”

సాయబు మోపును పక్కకు జరిపాడు. పక్కన తన మోపుతో నిలబడ్డ జోగులమ్మ తల దించుకుంది. తన అబద్ధానికి వాళ్ళు సిగ్గుపడుతుంటే, ఇంతకన్నా నలుగురూ తిట్టినా బాగుండునని మద్దిలేటికి అనిపించింది.

మోపు భుజానికెత్తుకుని అమృతమ్మ ఇంటికి నడిచాడు. చెమటకు వేర్లు తడిశాయి. వాకిట్లో ఆడుకుంటున్న బుజ్జమ్మ ముక్కెగరేసి, పరుగెత్తుకొచ్చి అతని మోకాళ్ళు పట్టుకుంది.

“అమ్మా, నాయినొచ్చిండు.”

మద్దిలేటికి అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

“నేను గాదు బిడ్డా. నేను దొంగను. మీ నాయిన సాలు తవ్వుకపోయిన.”

గుమ్మంలోకి వచ్చిన అమృతమ్మ మోపును చూసింది.

“పిలకలేవి?”

“ఏట్ల ఏసిన, వదినె.”

“ఒక్కటన్న ఉంచకపోతివి,” అని మోపు దింపుకుని లోపలికి పోయింది.

మోపు దిగింది గానీ వాసన దిగలేదు. కుంకుడుకాయలతో రుద్దుకున్నాడు, ఏట్లో నానాడు. “నా పక్కల పరాయి మొగోడు పండినట్టున్నది,” అని భార్య కిష్టమ్మ చాప వేరే వేసుకుంది.

ఆ వారమే తన సాలులో మిగిలిన పిలకలు తెచ్చి అమృతమ్మ సాలులో నాటాడు. ఏడాదికి వేర్లు దిగాయి. తడిపి చూస్తే బీడీ, ఆముదం, గొంగడి. తన సాలులో నాటుకున్నవీ అంతే. మద్దిలేటి వాసనున్న మోపు ఆ రేవుకు మళ్ళీ రాలేదు. అతడు తవ్విందల్లా సాయబు అమృతమ్మ మోపుల్లోనే కలిపేవాడు, మద్దిలేటి కాదనేవాడు కాడు.

బుజ్జమ్మ “నాయినా” అని పిలిచినప్పుడల్లా ఆ మొదటిరోజు సిగ్గు అట్లాగే వచ్చేది. “నేను గాదు బిడ్డా,” అంటూనే వంగి, భుజానికెత్తుకునేవాడు.